కార్డినళ్ల తోటల్లో ఒక కాలువల ఇంజినీరు

మంగళవారం – టివోలి

రోము నుంచి టివోలికి రైలూ ఉంది, బస్సూ ఉంది. మేము బస్సు ఎక్కాము. పొంతె మమ్మోలో మెట్రో స్టేషను దగ్గర సిగరెట్లు అమ్మే కొట్లో టికెట్లు కొనుక్కుని బయలుదేరితే, చాలాసేపు గోదాములు, పెట్రోలు బంకులు తప్ప చూడదగ్గదేమీ లేదు. బాన్యీ ది టివోలి దగ్గరికి రాగానే మాత్రం బస్సంతా గంధకం వాసన నిండిపోయింది. ముందు సీటులోని పెద్దావిడ చలించలేదు, రోజూ పీల్చే గాలే కాబోలు. అక్కడి గంధకపు నీటి స్నానాలు రోమన్ల నాటివి. చుట్టుపక్కలంతా ట్రావర్టీన్ రాతి గనులు. కొలోసియానికి రాయి ఈ ప్రాంతం నుంచే వెళ్లింది. ఆ రాయిని చేసింది కూడా నీళ్లే. నీటిలో కరిగిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే ట్రావర్టీన్ అవుతుంది.

నాతో వచ్చినవాడు మా తమ్ముడు. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఏ చెరువు దగ్గరికి తీసుకెళ్లినా ముందు తూము ఎక్కడ, అలుగు ఎక్కడ అని వెతుకుతాడు, ఆ తర్వాతే నీళ్లవైపు చూస్తాడు. నేను బళ్లో చరిత్ర చెప్పినదాన్ని. ఎవరు కట్టించారు, ఎవరి సొమ్ముతో కట్టించారు అన్నది నా పట్టింపు. టివోలి కొండవాలు మీద ఫౌంటెన్ల తోట ఉన్న భవనం విల్లా దెస్తే, మా ఇద్దరికీ మంచి మేత.

కట్టించినవాడు కార్డినల్, అంటే పోప్ కింద పెద్ద మతాధికారి, రెండో ఇప్పోలితో దెస్తే. ఫెరారా డ్యూకు కొడుకు. తల్లి లుక్రేజియా బోర్జియా, అంటే ఆరో అలెగ్జాండర్ పోప్‌కు మనవడు. తానూ పోప్ కావాలని పలుమార్లు ప్రయత్నించాడు, కాలేదు. 1550లో మూడో జూలియస్ పోప్ అయ్యాక, ఎన్నికలో తనకు సాయపడినందుకు ఇతన్ని టివోలి గవర్నరుగా నియమించాడు. వచ్చి చూసుకుంటే బస ఒక పాత మఠం. ఫ్రాన్సులో రాజు పక్కన తిరిగిన మనిషికి అది ఆనలేదు. మఠాన్ని భవనంగా మార్చి, దాని కిందనున్న వాలునంతా తోట చేయాలని పూనుకున్నాడు. ఆ వాలు ఖాళీ స్థలమేమీ కాదు, ఇళ్లున్నాయి, తోటలున్నాయి. కొన్ని కొన్నారు, కొన్ని కూల్చారు. ఊరివాళ్లు కార్డినల్ మీద వ్యాజ్యాలు వేశారు.

"భూసేకరణ" అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క మాటలో అతని ఉద్యోగ జీవితపు అలసటంతా వినిపించింది.

ఇప్పుడు మనల్ని పైనుంచి, భవనం గుండా లోపలికి పంపుతారు. కార్డినల్ అతిథులు వచ్చినది కింది ద్వారం నుంచి. నీళ్లకు ఎదురుగా ఎక్కుతూ, ఒక్కో అంతస్తూ తెలుసుకుంటూ, చివరికి పైన గృహస్థును కలుసుకోవాలని ఆ ఏర్పాటు. అందుకే చిత్రాలు గీసిన గదుల్ని గబగబా దాటేసి, ఏ ఫౌంటెన్ దగ్గరా ఆగకుండా కిందికి దిగి, అక్కడి నుంచి మొదలుపెట్టాము. మీరు వెళ్లినా అలాగే చేయండి. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం వద్దు, ఎత్తు తేడా చాలా ఉంది, మెట్లు పాకుడు పట్టి జారతాయి.

తోటకు రూపం ఇచ్చినవాడు పిర్రో లిగోరియో. చిత్రకారుడు, ప్రాచీన రోము మీద పండితుడు. మేము చెవులప్పగించిన గైడులందరూ అతని పేరే చెప్పారు. నీళ్లు తెచ్చినవాడి పేరు ఎవరి నోటా రాలేదు. సియెనా నుంచి వచ్చిన ఆ ఇంజినీరు పేరు తొమ్మాజో గినుచ్చి. ఆనియెనె నది ఊరికి పైవైపు నుంచి వస్తుంది. దాని నీటిని మళ్లించి, ఊరి కిందనుంచి అర కిలోమీటరుకు పైగా సొరంగం తవ్వి, తోట నెత్తిమీదికి చేర్చారు. అక్కడి నుంచి పనంతా వాలుది. లెక్క ప్రకారం 51 ఫౌంటెన్లు, 364 ధారలు, 64 జలపాతాలు, 220 తొట్లు, 875 మీటర్ల కాలువలు. ఒక్క పంపు లేదు, ఒక్క మోటారు లేదు.

"పైన ఎంత హెడ్, అదే నీటి ఎత్తు, నిలబెట్టారో చూడు అక్కా. ధార ఎంత ఎత్తు లేస్తుందనేది ఇక్కడ తేలదు, అక్కడ తేలుతుంది" అన్నాడు తమ్ముడు. అంతటితో ఆగలేదు. పైతొట్టి నిండాకే దాని పొర్లు నీరు కిందితొట్టికి పోతోందా, లేక ఎవరి గొట్టం వారిదేనా అని ఒక్కో ఫౌంటెన్ వెనక్కి వెళ్లి వంగి చూశాడు. కాపలాదారు ఒకసారి ఈల వేశాడు కూడా.

నూరు ఫౌంటెన్ల దారి నాకు అన్నిటికన్నా నచ్చింది. సుమారు నూరు మీటర్ల పొడవున మూడు వరసల్లో నీళ్లు. పైవరసలో దెస్తే వంశపు గరుడపక్షులు, పడవలు, లిల్లీ పూలు, స్తంభాలు. కిందివరసలో జంతువుల ముఖాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మధ్యలో ఒకప్పుడు పురాణగాథల శిల్పఫలకాలు ఉండేవి, ఇప్పుడు నాచు, ఫెర్న్ మొక్కలు వాటిని మింగేశాయి. బాగుచేయకుండా అలా వదిలేయడమే మంచిదైంది. ఒక చివర అండాకారపు పెద్ద ఫౌంటెన్, అది టివోలి కొండలకు గుర్తు. రెండో చివర రోమెత్తా, అంటే రోము నగరపు బొమ్మ. రోము పుట్టుక కథలోని తోడేలు, కవలలు, టైబర్ నదిలోని దీవికి గుర్తుగా రాతి పడవ, దాని మీద స్తంభం. టివోలి నీళ్లు ఒక గోడ వెంట నడిచి రోముకు చేరుతున్నట్టు కథ. రోమును ఏలలేకపోయిన కార్డినల్ దాన్ని తన పెరట్లో కట్టుకున్నాడని నాకనిపించింది. పండితులు దీనికి ఇంకా గంభీరమైన వివరణలు ఇస్తారు.

జల ఆర్గన్, అంటే నీటి బలంతో పలికే గొట్టాల వాద్యం, రెండు గంటలకొకసారి మోగుతుంది. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి పనివాళ్లు చేసిన యంత్రం అది. తర్వాత శిథిలమై, శతాబ్దాల మౌనం తర్వాత 2003లో మళ్లీ పలికింది. నీరు గొట్టంలో సుడి తిరుగుతూ దిగేటప్పుడు గాలిని తనతో లాక్కువస్తుంది. కింద మూసిన గదిలో నీరొకదారి, గాలొకదారి పడతాయి. ఒత్తిడిలో ఉన్న గాలి ఆర్గన్ గొట్టాల్లోకి పోతుంది. బయటికి వెళ్లే నీరు చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం తిప్పే పీపా మీద పొడుచుకొచ్చిన మేకులు మీటల్ని నొక్కుతాయి. వాయించే మనిషి లేడు. పాట నాలుగు నిమిషాలకు మించదు, సంగీతం మాటెలా ఉన్నా జనం చప్పట్లు కొట్టారు. తమ్ముడు కొట్టలేదు, పీపా ఎక్కడుందోనని తలుపు సందులోంచి చూస్తున్నాడు.

మధ్యలో డ్రాగన్ల ఫౌంటెన్ ఉంది. 1572 సెప్టెంబరులో పదమూడో గ్రెగరీ పోప్ వచ్చినప్పుడు, ఆయన వంశచిహ్నం డ్రాగన్ కాబట్టి, దీన్ని ఒక్క రాత్రిలో కట్టారని ఐతిహ్యం. "ఒక్క రాత్రిలో కట్టి ఉండరు. ఒక్క రాత్రిలో ఎస్టిమేటు మార్చి ఉంటారు" అని తమ్ముడి వ్యాఖ్య. పోప్ వచ్చి వెళ్లిన మూడు నెలల్లోపే, డిసెంబరులో కార్డినల్ చనిపోయాడు. తోట అప్పటికీ పూర్తి కాలేదు. ఈ రోజు అందరూ ఫోటోలు తీసుకునే నెప్ట్యూన్ ఫౌంటెన్ హోరు ఇరవయ్యో శతాబ్దంలో, పాడుబడిన పాత జలపాతం అవశేషాల మీద కట్టినది. అది లేనిరోజుల్లో తోట ఎంత నిశ్శబ్దంగా ఉండేదో. పందొమ్మిదో శతాబ్దంలో హంగరీ సంగీతకారుడు లిస్ట్ ఇక్కడ గదులు తీసుకుని ఉండేవాడు. ఈ ధారల మీద పియానోకు స్వరరచన చేసింది ఆ రోజుల్లోనే.

బుధవారం – నది, ఆ తర్వాత చక్రవర్తి

తోటలో చూసిన నీళ్ల అసలు స్వభావం ఊరికి రెండో పక్కన, విల్లా గ్రెగోరియానాలో కనిపిస్తుంది. పేరుకు విల్లా గాని ఇల్లేమీ లేదు. అడవి, లోయ, జలపాతం, అంతే. 1826 నవంబరులో ఆనియెనె పొంగి ఊళ్లో కొంత భాగాన్ని కొట్టుకుపోయింది. పదహారో గ్రెగరీ పోప్ కాలంలో కాతిల్లో కొండలోంచి జంట సొరంగాలు తొలిచి, నదిని ఊరి పక్కకు మళ్లించి, అవతల లోయలోకి దూకించారు. 1835లో పని ముగిసింది. నూరు మీటర్లకు పైనుంచి పడుతున్న ఆ నీటిని చూస్తూ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు, అతనికి అది అరుదు. ఈ నీళ్లతోనే కరెంటు తీసి 1892లో పాతిక కిలోమీటర్లకు పైగా తీగలు వేసి రోములో దీపాలు వెలిగించారు. ఆల్టర్నేటింగ్ కరెంటును అంత దూరం పంపడం అప్పటికి కొత్త.

మధ్యాహ్నం హేడ్రియన్ చక్రవర్తి విల్లాకు వెళ్లాము. కొండ దిగువన, మైదానంలో, సుమారు 120 హెక్టార్లు. దీన్ని ఇల్లు అనడానికి నోరు రాదు. స్నానశాలలు, గ్రంథాలయాలు, ఆలయాలు, పనివాళ్లు ఎవరి కంటా పడకుండా తిరగడానికి భూగర్భ దారులు. క్రీ.శ. 117 నుంచి 138 వరకు ఏలిన ఈ చక్రవర్తి రోములో కన్నా ఇక్కడ ఉండటానికే ఇష్టపడ్డాడు. కొండమీది టివోలి చల్లగా ఉండగా ఈ పల్లంలో ఎందుకు కట్టాడని నేనంటే, తమ్ముడు మ్యాపు మీద వేలు పెట్టాడు. రోముకు పోయే పెద్ద జలవాహికలు ఈ పక్కనుంచే వెళ్లేవి. పైన కట్టి ఉంటే ఆ నీటిని ఎక్కించాల్సి వచ్చేది, కింద కట్టాడు కాబట్టి అదే దిగివస్తుంది.

కనోపస్ అనే పొడవాటి కొలను ఒడ్డున ఆర్చీల కింద విగ్రహాలు నిలబడి ఉన్నాయి, నీళ్లలో తాబేళ్లున్నాయి. గుండ్రటి కందకం మధ్య దీవి మీద చక్రవర్తికి చిన్న ఇల్లు ఉంది. వంతెన తీసేస్తే ఇంకెవరూ రాలేరు. సామ్రాజ్యమంతా తిరిగినవాడు చివరికి కోరుకున్నది ఆ నాలుగు గదులు. కింద పరిచిన చలువరాయి, విగ్రహాలు చాలావరకు ఇప్పుడిక్కడ లేవు. నిన్నటి లిగోరియోనే ఇక్కడ తవ్వకాలు చేసి, దొరికిన శిల్పాల్ని విల్లా దెస్తేకు చేరవేశాడు. ఎండలో తిరిగి తిరిగి సగం చూసేసరికి ఒంట్లో సత్తువ అయిపోయింది. మిగతాది చూడలేదు.

గురువారం – విటెర్బో

రోము నుంచి రైలులో రెండు గంటలు. ఉత్తరాన కొండల మీద ఉన్న ఈ ఊరిని మిగతా విల్లాలకు మకాంగా పెట్టుకున్నాము. ముదురు బూడిదరంగు రాతి ఊరు. ఆ రాయి పేరు పెపెరీనో, పాత అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి అయినది. పదమూడో శతాబ్దంలో పోప్‌లు రోము వదిలి ఇక్కడ ఉండేవారు. 1268లో నాలుగో క్లెమెంట్ చనిపోయాక కార్డినళ్లు కొత్త పోప్‌ను ఎన్నుకోకుండా దాదాపు మూడేళ్లు సాగదీస్తే, ఊరివాళ్లు వాళ్లను భవనంలో పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, ఆఖరికి పైకప్పు ఊడదీశారు. పదో గ్రెగరీ అలా ఎన్నికయ్యాడు. ఆ హాలు ఇప్పుడూ ఉంది, కప్పు వేశారు. నాకు ఊరు నచ్చింది. సాయంత్రం వాన పట్టుకుంది, గదిలోనే ఉండిపోయాము.

శుక్రవారం – కాప్రరోలా

విటెర్బో నుంచి బస్సులో వెళ్తుంటే దారి పొడవునా హేజెల్‌నట్ తోటలు. ఊళ్లోకి దిగగానే ఒకే ఒక్క నిటారు వీధి, ఆ వీధి చివర కొండలా భవనం. వీధి ముందునుంచీ అలా లేదు. భవనం దూరం నుంచే ఠీవిగా కనబడాలని వాస్తుశిల్పి విన్యోలా ఊరిని మధ్యకు కోసి వేయించినది. ఆ వీధిలో ఎక్కుతున్నంతసేపూ మనం అర్జీ పట్టుకుని వస్తున్న రైతులం అనిపిస్తుంది. అనిపించాలనే కట్టారు.

కోటగా మొదలై పునాదుల దగ్గర ఆగిపోయిన అయిదు మూలల కట్టడాన్ని, కార్డినల్ అలెస్సాండ్రో ఫార్నేజె కోసం 1559 నుంచి విన్యోలా నివాసంగా మార్చాడు. బయట అయిదు మూలలు, లోపల గుండ్రటి ముంగిలి. జంట స్తంభాల మధ్య తిరుగుతూ పైకెక్కే మెట్లదారి ఈ భవనంలో నిజమైన అందం. గోడలనిండా ఫార్నేజె వంశం గొప్పలే. ఏ చిత్రం చూసినా ఒక ఫార్నేజె రాజుకు బుద్ధి చెబుతూనో, యుద్ధం గెలుస్తూనో ఉంటాడు. మూడో గదికే విసుగొచ్చింది.

పటాల గది మాత్రం వేరు. 1574 నాటికి గోడల మీద ప్రపంచపటం, ఖండాలు, కప్పు మీద నక్షత్రరాశులు గీయించాడు కార్డినల్. ఆసియా పటం ముందు నిలబడి మన దేశాన్ని వెతుక్కున్నాను. ఆ ఏడాదికి తళ్లికోట యుద్ధం జరిగి తొమ్మిదేళ్లు, పెనుగొండ నుంచి విజయనగర రాజులు ఏలుతున్నారు. బళ్లో ఈ రెండు పాఠాల్నీ వేరువేరు గంటల్లో చెప్పాను, ఒకే గోడ ముందు నిలబెట్టి ఎప్పుడూ చెప్పలేదు.

పైతోట ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చదివి శుక్రవారం వచ్చాము. భవనం వెనక కందకం దాటి, కత్తిరించిన పొదల తోట దాటి, చెట్ల మధ్య కాసేపు నడిస్తే అడవిలోపల దాచిన చిన్న విల్లా. దానికి ముందు వాలు మీద రాతి డాల్ఫిన్ల మధ్య జారుతూ వచ్చే జలశృంఖల, దాని తలదగ్గర పెద్ద రాతిపాత్రకు అటూ ఇటూ పడుకుని ఉన్న ఇద్దరు నదీదేవతలు. పైన తోట చుట్టూ తలమీద కుండలు మోసే రాతి మనుషులు. రాజకార్యాలకు కింద అయిదు మూలల కోట, మనుషుల్లా భోంచేయడానికి పైన ఈ చిన్న ఇల్లు. తర్వాతి కాలంలో అది ఇటలీ అధ్యక్షుడి విడిదిగా కూడా ఉండేది. ఫార్నేజెకు పెద్ద భవనం కట్టిన తర్వాత గాని చిన్న ఇల్లు కావాలని తెలియలేదు.

శనివారం – బొమార్జో

బస్సు ఊళ్లో దించుతుంది, అక్కడి నుంచి లోయలోకి నడవాలి. విచీనో ఒర్సీనీ ఈ ఊరి ప్రభువు, యుద్ధాల్లో పనిచేసినవాడు. ఇల్లు చేరాక 1550ల నుంచి లోయలో పడివున్న పెపెరీనో బండల్ని కదిలించకుండా, ఎక్కడివి అక్కడే భూతాలుగా చెక్కించాడు. వరస లేదు, మధ్యగీత లేదు, సమరూపం లేదు. ఒక రాక్షసుడు ఇంకొకణ్ణి నిలువునా చీలుస్తుంటాడు. ఒక తాబేలు వీపు మీద స్త్రీమూర్తిని మోస్తుంటుంది. తెరిచిన నోట్లోకి మెట్లున్న భూతం తలలో రాతిబల్ల వేసి ఉంది, కూర్చుని తినొచ్చు. ఒక ఇంటిని వంకరగానే కట్టారు. లోపల నిలబడితే కళ్లు ఒకటి చెబుతాయి, కాళ్లు ఒకటి చెబుతాయి. నాకు తల తిరిగి వెంటనే బయటికొచ్చాను.

తమ్ముడికి ఇక్కడ పనిలేకపోయింది. నేను మాత్రం ఏనుగు దగ్గర ఆగిపోయాను. అంబారీ మీద బురుజు, మెడమీద మావటి, తొండంలో చిక్కిన రోమన్ సైనికుడు. ప్రాచీన కాలంలో రోము మీదికి ఏనుగులతో వచ్చిన సేనాని హానిబాల్ యుద్ధాలను తలచుకుని చెక్కారంటారు. కావచ్చు. అయితే ఈ దేశం వాళ్లకు ఏనుగు మరీ అంత దూరపు జంతువు కాదు. 1514లో పోర్చుగల్ రాజు మాన్యుయెల్ భారతదేశం నుంచి తెప్పించిన ఏనుగును పదో లియో పోప్‌కు కానుకగా పంపాడు. హానో అని పేరు పెట్టారు. రోమంతా వీధుల్లోకి వచ్చి చూసింది. రెండేళ్లు బతికి, రోము వైద్యం తట్టుకోలేక చచ్చిపోయింది. పోప్ ఏడ్చాడట. రఫాయెల్ చేత దాని బొమ్మ గీయించాడు. రోములోని విల్లా మదామాలో ఏనుగు తల ఫౌంటెన్ ఇప్పటికీ ఉంది. బొమార్జో శిల్పి ముసలివాళ్ల నోటినుంచైనా హానో కథ విని ఉంటాడని నా ఊహ.

ఒర్సీనీ తర్వాత అడవి వీటిని కమ్మేసింది. 1954లో ఒక కుటుంబం కొని, పొదలు కొట్టి, మళ్లీ నిలబెట్టింది. ఇప్పుడు పిల్లలతో కిటకిటలాడుతోంది. భూతం నోట్లో ఫోటో కోసం వరస కట్టారు.

ఆదివారం – బన్యాయా

ఆదివారం బస్సులు తక్కువ. విటెర్బో నుంచి బన్యాయాకు అయిదు కిలోమీటర్లే కదా అని నడిచాము. దారిలో లా క్వెర్చా చర్చిలో ప్రార్థన జరుగుతోంది, కాసేపు వెనక నిలబడి, మంచినీళ్లు తాగి సాగాము.

విల్లా లాంతె కట్టించినవాడు కార్డినల్ జాన్‌ఫ్రాంచెస్కో గాంబరా. విటెర్బో బిషప్పు, ఫార్నేజెలకు దగ్గరివాడు. 1568లో పని మొదలైంది. రూపకల్పన విన్యోలాదని చెబుతారు, కాగితం మీద గట్టి రుజువు లేదు. నీళ్ల పని ఎవరిదో మాత్రం ఒక ప్రయాణికుడు రాసిపెట్టాడు. ఫ్రెంచి రచయిత మోంటేన్ 1581లో టివోలి చూసి, కొన్ని నెలల తర్వాత ఇక్కడికి వచ్చాడు. టివోలిలో పనిచేసిన సియెనా తొమ్మాజోనే ఇక్కడా పని నడిపిస్తున్నాడని, ఇది టివోలిని మించిందని, అక్కడ లేని తేటనీరు ఇక్కడ ఉందని అతని దినచర్యలో ఉంది. పుస్తకం చూపిస్తే తమ్ముడు కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేరా రెండుసార్లు చదివాడు. "మనవాడే" అన్నాడు.

పక్కదారిన పైకెక్కి, నీళ్లతో పాటు దిగాము. అన్నిటికన్నా పైన ఫెర్న్ మొక్కలు పట్టిన బండల గుహలోంచి నీరు నురగతో దూకుతుంది. దాని పేరు ప్రళయం. అటూ ఇటూ రెండు మండపాలు, గోడమీద గాంబరా పేరు. అక్కడి నుంచి డాల్ఫిన్ల ఫౌంటెన్, తర్వాత జలశృంఖల. కాప్రరోలాలోదాని కన్నా ఇది సన్నం. గాంబరా వంశచిహ్నం మంచినీటి రొయ్య కాబట్టి శృంఖలను ఒక పొడవాటి రొయ్యగా చెక్కారు, నీరు కిందికి పడేచోట దాని గోళ్లు కనిపిస్తాయి. రాతి మెలికల మధ్య దారి ఒకచోట సన్నబడుతుంది, ఒకచోట వెడల్పవుతుంది. సన్నమైనచోట వేగం, వెడల్పులో నిదానం. దానివల్ల నీరు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు అలలుగా దిగుతుంది. ప్రవాహం ఏమాత్రం ఎక్కువైనా ఆ అల మునిగిపోతుందని, తక్కువైతే పుట్టనే పుట్టదని తమ్ముడు చెప్పాడు. అంత కచ్చితంగా లెక్కగట్టి నీరు వదలాలి.

ఆ నీరు టైబర్, ఆర్నో నదుల రెండు మహాకాయ విగ్రహాల మధ్య పడి, ఒక రాతి భోజనబల్ల నడుమనుంచి పారుతుంది. నిజంగా బల్లే. పొడవునా మధ్యలో కాలువ, అటూ ఇటూ అతిథులు కూర్చునేవారు, సీసాలు, పళ్లు నీళ్లలో చల్లబడేవి. గినుచ్చి చేసిన పనులన్నిటిలో రైతుకు చూపిస్తే వెంటనే మెచ్చుకునేది ఇదొక్కటే. దాని కింద దీపాల ఫౌంటెన్. గుండ్రటి మెట్ల మీద రాతి ప్రమిదలు, ఒక్కో ప్రమిదలో వత్తికి బదులు సన్నటి ధార. ఎండ పడితే నిజంగానే వెలుగుతాయి.

అప్పుడు గాని ఇల్లు కనపడదు. ఒకటి కాదు, రెండు చిన్న ఇళ్లు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి, ఒకే పోలికతో. నడుమదారి నీళ్లకు వదిలేశారు. టివోలిలో, కాప్రరోలాలో భవనం నెత్తిన కూర్చుని తోటను ఆజ్ఞాపిస్తుంది. ఇక్కడ యజమాని పక్కకు తప్పుకున్నాడు. పదహారో శతాబ్దపు కార్డినల్ ఒకడు అలా చేయడం నాకు ఈ యాత్రలో పెద్ద ఆశ్చర్యం. అతని గుణాన్ని మెచ్చుకోబోతున్నాను గాని, వినయవంతుడనే పేరు మాత్రం అతనికి లేదు. మిలాను ఆర్చిబిషప్పు కార్లో బోరొమెయో ఇక్కడికి వచ్చి, ఈ డబ్బుతో సన్యాసినుల మఠం కట్టి ఉండొచ్చని చివాట్లు పెట్టాడని చెబుతారు. రెండో ఇల్లు గాంబరా బతికుండగా లేవలేదు. అతను 1587లో చనిపోయాక, అయిదో సిక్స్‌టస్ పోప్ తన మనవడి వరసైన మొంతాల్తోకు విల్లా ఇచ్చాడు. పదహారు పదిహేడేళ్ల కుర్ర కార్డినల్. అతను కట్టించాడు రెండోది, మొదటిదాన్ని మార్చకుండా. ఆ వయసులో అంత నిగ్రహం ఉందంటే చాలా గొప్ప.

అడుగున తోట చదునుగా ఉంది. నాలుగు చదరపు కొలనులు, వాటిలో రాతి పడవలు, పడవల్లో రాతి తుపాకిదారులు, నట్టనడుమ నలుగురు యువకులు మొంతాల్తో చిహ్నమైన కొండల్ని, నక్షత్రాన్ని ఎత్తిపట్టుకుని ఉన్నారు. చుట్టూ కత్తిరించిన పొదల ముగ్గులు. ప్రళయమై దూకిన నీరు ఇక్కడికొచ్చేసరికి అద్దంలా నిలబడుతుంది.

తిరుగుదారిలో వాదన మొదలైంది. మోంటేన్ చెప్పినదే నా మాట. టివోలిలో నీళ్లు ఎక్కువ, ఇక్కడ ఆలోచన ఎక్కువ. తమ్ముడు ఒప్పుకోలేదు. ఇక్కడ ఊట దగ్గరే పుట్టింది, వాలు దానంతటదే ఉంది, తీర్చిదిద్దడం ఒక్కటే మిగిలిన పని అన్నాడు. అక్కడ నదిని ఊరి కిందనుంచి తేవాలి, పైన ఇళ్లు కూలకూడదు, వరదొస్తే ఆపాలి, కోర్టులో ఊరివాళ్లున్నారు, ఇంట్లో కార్డినల్ ఉన్నాడు. లా క్వెర్చా దాటాము, విటెర్బో గోడలు కనిపిస్తున్నాయి, వాదన తెగలేదు. రోములో మిగిలిన రోజున మళ్లీ టివోలి వెళ్తానని చెప్పాడు, సొరంగం నోరు చూడనివ్వరని తెలిసి కూడా. నేను రానని చెప్పాను.